విజ్ఞాన విద్య ఎవరి కొరకు?

(సమాఖ్య కార్యకర్తల విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, పింఛను, ఖాళీ పోస్టుల భర్తీ వంటి సమస్యలు చర్చించుటకు ఏర్పాటైన ఈ శిబిరంలో పాఠశాల చదువును గురించి ప్రసంగమేమిటని కొందరు మిత్రులు మమ్ములను అడిగారు. ప్రశ్న సహజమైనదే. సమాధానం మన ఉద్యోగాలలోనే ఉన్నది. గ్రామీణ డాక్ సేవక్ పనికి అర్హత పదవ తరగతి. అందులోను గణితంలో ఉత్తీర్ణత తప్పనిసరి. రైల్వేలో అట్టడుగు మెట్టయిన లెవెల్-1 పోస్టుకు జరిపే రాతపరీక్షలో వంద ప్రశ్నలుంటే, అందులో యాభై గణితానికి, సామాన్య శాస్త్రానికి చెందినవే. మన పిల్లలలో గుమ్మం దాటి లోపలికి ఎవరు రాగలరు, ఎవరు బయటనే నిలిచిపోతారు అన్నది ఈ రెండు సబ్జెక్టులే చాలా వరకు నిర్ణయిస్తున్నాయి. కనుక ఈ సబ్జెక్టులు ఏ బడిలో, ఎట్లా, ఎందుకొరకు బోధింపబడుతున్నాయన్నది మన సంఘాలకు సంబంధించిన విషయమే.

ఈనాడు విద్యాశాఖల ప్రకటనలలోను, పత్రికలలోను "స్టెమ్ విద్య" అనే మాట తరచు వినవస్తున్నది. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, మేథమెటిక్సు - ఈ నాలుగు పేర్ల తొలి అక్షరాల కూర్పు అది. ఈ పొట్టిపేరు 2001 ప్రాంతంలో అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాడుకలోనికి తెచ్చినది. దాని వెనుకనున్న ఆందోళన ఇంకా పాతది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోనికి పంపగానే, తాము వెనుకబడిపోయామని అమెరికా కలవరపడినది. మరుసటి ఏడే, 1958లో, జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి విజ్ఞాన, గణిత బోధనకు పెద్దఎత్తున నిధులు మళ్లించినది. చట్టం పేరులోనే రక్షణ అనే మాట ఉండుట గమనింపదగినది. అక్కడ ఆ చదువు ఆనాడు ప్రధానంగా దేశాల పోటీ కొరకు, పరిశ్రమలకు నిపుణులను సమకూర్చుట కొరకు ఉద్దేశింపబడినది.

మన దేశంలో ఈ ఆలోచనకు వేరే చరిత్ర ఉన్నది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ, చేతిపని ద్వారా చదువు నేర్పే పద్ధతిని ప్రతిపాదించారు. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళిక రూపొందించినది. స్వాతంత్ర్యానంతరం 1958 మార్చి 4న విజ్ఞాన విధాన తీర్మానం వచ్చినది. భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారి అధ్యక్షతన 1964 నుండి 1966 వరకు పనిచేసిన విద్యా కమిషన్, మొదటి పదేళ్ల చదువులో విజ్ఞానశాస్త్రం, గణితం బాలబాలికలందరికీ తప్పనిసరిగా ఉండాలని, దానితోపాటు ప్రతి విద్యార్థికి పని అనుభవం కలగాలని కోరినది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ, శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే స్వభావాన్ని పెంపొందించుకొనుట ప్రతి పౌరుని ప్రాథమిక విధులలో ఒకటిగా చేర్చినది.

ఈ పత్రాలన్నిటిలోను కనిపించే మాట "అందరికీ" అన్నది. విజ్ఞాన విద్య కొద్దిమంది ఇంజనీర్లను ఏరుకొనే జల్లెడగా ఉండరాదని, ప్రతి బిడ్డకు అందవలసిన హక్కని మన దేశం కాగితంపై ఏనాడో ఒప్పుకొన్నది. ఆ ఒప్పుకోలుకు, బడిలో జరుగుతున్నదానికి మధ్య ఉన్న దూరమే నేటి మన విషయం.

ముందుగా ఈ నాలుగు అక్షరాలకు మన పనిలో అర్థమేమిటో చూద్దాము. అవి మనకు కొత్తవేమీ కావు.

సైన్సు సంగతి తీసుకొనండి. పట్టా అతుకు దగ్గర ఖాళీ ఎందుకు వదలుతారో మన గ్యాంగులలో తెలియనివారు లేరు. ఉక్కు మీటరు పొడవుకు, ఒక్క డిగ్రీ వేడికి సుమారు 0.0115 మిల్లీమీటరు సాగుతుంది. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఖాళీ లేకుంటే పట్టా వంకరపోతుంది. పొడవుగా వెల్డింగు చేసిన నేటి మార్గాలలో ఆ ఖాళీలు లేవు; సాగుటకు చోటులేని పట్టాలో ఒక్కొక్క డిగ్రీకి దాదాపు రెండు టన్నుల ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడిని స్లీపర్లు, కంకర పట్టి నిలుపుతాయి. వేసవి మధ్యాహ్నం ఎండలో మన ట్రాక్‌మన్ నడిచి చూసేది ఆ పట్టు సడలలేదు కదా అని.

టెక్నాలజీ, ఇంజనీరింగు సంగతి సిగ్నలు విభాగంలోని మిత్రులు చెప్పగలరు. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ రూపొందించిన ట్రాక్ సర్క్యూట్ మూలసూత్రం నేటికీ మన స్టేషన్లలో పనిచేస్తున్నది. రెండు పట్టాల గుండా ప్రవహించే కరెంటు ఒక రిలేను ఎత్తి పట్టుకొని ఉంటుంది. బండి చక్రాలు పట్టాలపైకి రాగానే కరెంటు ఇరుసు గుండా దారి మళ్లుతుంది, రిలే పడిపోతుంది, సిగ్నలు ఎరుపుకు మారుతుంది. తీగ తెగినా, పట్టా విరిగినా, కరెంటు పోయినా సిగ్నలు ఎరుపే చూపుతుంది. యంత్రంలో లోపం వచ్చినప్పుడు అది ప్రమాదం వైపు కాక రక్షణ వైపుకే ఒరగాలన్న ఈ ఆలోచన ఇంజనీరింగుకు ప్రాణం వంటిది. దీనిని ఒక బ్యాటరీ, ఒక చిన్న బల్బు, రెండు ఇనుప కమ్మీలతో ఎనిమిదవ తరగతి పిల్లలకు అరగంటలో చూపవచ్చును.

గణితం సంగతి తపాలా మిత్రులది. 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చిన పిన్‌కోడ్ రూపకర్త శ్రీరామ్ భికాజీ వేలంకర్ కమ్యూనికేషన్ల శాఖ అధికారి, సంస్కృత పండితుడు. ఒకే పేరుగల ఊళ్లు ఎన్నో ఉన్న దేశంలో, ఎన్నో లిపులలో రాసిన చిరునామాలను ఆరు అంకెలు క్రమబద్ధం చేశాయి. మొదటి అంకె ప్రాంతాన్ని, రెండవది ఉపప్రాంతాన్ని, మూడవది సార్టింగు జిల్లాను, చివరి మూడు అంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల ఉత్తరాలన్నీ 5తో మొదలగుట అందరూ ఎరిగినదే. స్థానాన్ని బట్టి అంకెకు విలువ మారుతుందని బడిలో నేర్పే పాఠం ఆర్.ఎం.ఎస్. సార్టింగు అరల ముందు ప్రతి రాత్రి జరుగుతున్నది.

గ్రామ తపాలా కార్యాలయంలోని గణితం మరింత విలువైనది. నూటికి 7.2 చొప్పున చక్రవడ్డీపై సొమ్ము రెట్టింపు కావడానికి సుమారు పదేళ్లు పడుతుంది. రెండేళ్లలోనే రెట్టింపు చేస్తామని ఒకడు ఊరిలోనికి వచ్చాడనుకొనండి. అతడు ఏటా నూటికి 41కి పైగా వడ్డీ ఇస్తానంటున్నాడన్నమాట. నిజాయితీగల ఏ వ్యాపారంలో అంత లాభం ఏటేటా వస్తుందని అడగగల ఒక్క మనిషి ఆ వీధిలో ఉంటే, ఎన్నో కుటుంబాల కష్టార్జితం నిలుస్తుంది. చదువు ప్రయోజనం ర్యాంకులకు పరిమితం కాదనుటకు ఇంతకంటె వేరే సాక్ష్యం అవసరం లేదు.

మిత్రులారా, ఒక సంఘటన చెప్పనివ్వండి. కొంతకాలం క్రితం మా శాఖ సమావేశంలో ఒక ట్రాక్‌మన్ సోదరుడు తన కుమార్తె జవాబుపత్రం తెచ్చి అందరికీ చూపించాడు. ఘనపదార్థాల ఉష్ణ వ్యాకోచమనగానేమి అన్న ప్రశ్నకు ఆ అమ్మాయి రాసిన నిర్వచనానికి పూర్తి మార్కులు వచ్చాయి. మాలో ఒకరు, "మీ క్వార్టరు ముందరి సైడింగు లైనులో పట్టాల మధ్య సందు ఎందుకమ్మా?" అని అడిగారు. అమ్మాయి తల వంచుకొన్నది. అది పాఠంలో లేదన్నది. తండ్రి వెంటనే, "ఎండకు పట్టా సాగుతుంది గదండీ, సందు లేకుంటే లేచిపోదూ?" అన్నాడు. ఆయనకు వ్యాకోచమనే మాట తెలియదు. తాను ఎరిగినదానికి, కుమార్తె రాసినదానికి సంబంధమున్నదని ఆయనకుగాని, ఆమెకుగాని అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఒకే ఇంట్లో జ్ఞానం రెండు ముక్కలై ఉన్నది. తండ్రి చేతిలో ఒక సగం, కుమార్తె పుస్తకంలో ఒక సగం. ఈ రెండు సగాలను కలుపుటయే విజ్ఞాన విద్య పని అని మేము భావిస్తున్నాము. కలిసిననాడు ఆ అమ్మాయి ఇంజనీరు కావచ్చును, కాకపోవచ్చును. కాని కళ్ల ముందున్నదానిని కొలిచి, కారణమడిగి, చెప్పినవారెవరైనా సరే ఋజువు కోరగల పౌరురాలవుతుంది. తండ్రి కూడ తాను కేవలం సుత్తి పట్టినవాడు కాడని, ఒక శాస్త్రాన్ని ప్రతిదినం ఆచరిస్తున్నవాడని గ్రహిస్తాడు.

ఇది సాధ్యమేనా అని సందేహించేవారు మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా అనుభవాన్ని చూడవలెను. ఇప్పుడు ఆ జిల్లాను నర్మదాపురమంటున్నారు. ఇటార్సీ జంక్షన్ ఉన్నది ఆ జిల్లాలోనే. కనుక రైల్వే మిత్రులకు దారి చెప్పనవసరం లేదు. 1972లో అక్కడ కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వానుమతితో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలలలో కొత్త విజ్ఞాన బోధన ప్రారంభించాయి. పిల్లలు చిన్న జట్లుగా కూర్చొని, చవుకగా దొరికే వస్తువులతో తామే ప్రయోగాలు చేసి, చూసినది తామే రాసుకొనేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చును. ప్రయోగ పరీక్ష కూడ ఉండేది. 1978లో ఈ కార్యక్రమం జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికి విస్తరించినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని ముందుకు నడిపినది.

తపాలా మిత్రులు సంతోషింపదగిన విషయమొకటి అందులో ఉన్నది. పిల్లలు తమ సందేహాలను సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి పేరిట ఉత్తరాలుగా రాసేవారు. వాటికి జవాబులు వెళ్లేవి. మారుమూల గ్రామంలోని బిడ్డ అడిగిన "ఎందుకు" అన్న ప్రశ్నను మన తపాలా సంచి మోసుకొనిపోయినది. మన సంచులు మోసిన బరువులలో అంతకంటె గౌరవప్రదమైనది మరొకటి ఉంటుందా?

దాదాపు వేయి పాఠశాలలకు చేరిన ఆ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసినది. ముప్పై ఏళ్ల పని ఒక ఉత్తర్వుతో ఆగినది. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, శ్రామిక సంఘాలు ఒక్క గొంతుతో తమదిగా నిలబెట్టుకోని మంచి పని ఎంతకాలమైనా గాలిలో దీపమేనని ఇందుండి మేము నేర్చుకొన్న పాఠం.

ఇక ఖరగ్‌పూర్ సంగతి. ఆ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. పూర్వపు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కొరకు వెళ్లిన మన శ్రామికుల వారసులు వారు. దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపులలో ఒకటి అక్కడ ఉన్నది. బ్రిటిషువారు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించి, 1931 సెప్టెంబరు 16న ఇద్దరు నిర్బంధితులను కాల్చిచంపిన హిజ్లీ శిబిరం కూడ అక్కడిదే. 1951లో స్వతంత్ర భారతం తన మొదటి ఐ.ఐ.టి.ని ఆ శిబిర భవనంలోనే ప్రారంభించినది. జైలును చదువుల గుడిగా మార్చిన ఆ నిర్ణయాన్ని మేము శిరసు వంచి గౌరవిస్తున్నాము. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. ఒకే ఊరిలో ఇంజను విప్పి బిగించే చేయి ఒకవైపు, దాని సిద్ధాంతం బోధించే తరగతి మరొకవైపు ఉన్నాయి. వర్క్‌షాపు ఫిట్టరు బిడ్డకు ఈ గేటు నుండి ఆ గేటుకు దూరం ఎంత? మైళ్లలో కొలిస్తే చాల తక్కువ. ఆ దూరాన్ని తగ్గించవలసినది మధ్యలోనున్న సామాన్య పాఠశాల. విధానమెంత గొప్పదైనా ఆ పాఠశాలలో ప్రయోగశాల తలుపు తెరుచుకొనకపోతే, దూరం తగ్గదు.

నేటి విధానమేమంటున్నది? 2020 జాతీయ విద్యావిధానం ఆరవ తరగతి నుండి వృత్తివిద్య పరిచయం కావాలన్నది. ఆరు నుండి ఎనిమిదవ తరగతి లోపు పది రోజులపాటు పిల్లలు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వద్ద పని నేర్చుకోవాలన్నది. కంప్యూటరు ప్రోగ్రాములు రాయుట మాధ్యమిక దశలోనే మొదలు కావాలన్నది. వీటిలో మంచి ఉన్నది, దానిని కాదనము. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఎంపికైన పాఠశాలలకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొల్పారు. 2025 బడ్జెట్టులో, అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 నెలకొల్పుతామని ప్రకటించారు. ఇది స్వాగతింపదగినది. అయితే ఇంతవరకు ఏర్పడినవి పదివేల ప్రాంతంలో ఉండగా, దేశంలో పాఠశాలలు సుమారు 14.7 లక్షలున్నాయి. అందులో ప్రాథమిక పాఠశాలలను మినహాయించినా, అత్యధిక సంఖ్యాకులకు ఇంకా అందలేదనుట స్పష్టం.

యంత్రాలు తెచ్చి పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. లోకోషెడ్డులో కొత్త యంత్రం దింపి, దానిని నడుపువానిని నియమింపక, విడిభాగాలకు సొమ్మివ్వక, ఏడాది తరువాత వచ్చి పనితీరు నివేదిక అడిగితే మనమేమంటాము? పాఠశాల ప్రయోగశాల విషయంలోను అదే అనవలెను. విజ్ఞాన, గణిత ఉపాధ్యాయుల పోస్టులు భర్తీ కావాలి. పగిలిన పరీక్షనాళికకు, అయిపోయిన ఆమ్లానికి, బ్యాటరీకి ఏటేటా సొమ్ము కావాలి. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు ఖర్చు చేయాలని 1968 విద్యావిధానం చెప్పినది. అదే 6 శాతం లక్ష్యాన్ని 2020 విధానం మరల చెప్పినది. ఈ రెండింటి మధ్య అర్ధశతాబ్దానికి పైగా గడిచినది. ఆ లక్ష్యం ఒక్కనాడు కూడ నెరవేరలేదు.

మరొక వాదనకు కూడ మనం సమాధానం చెప్పవలసి ఉన్నది. యువకులకు నైపుణ్యం లేదు కనుక ఉద్యోగాలు లేవని, స్టెమ్ చదువు వస్తే నిరుద్యోగం తీరుతుందని కొందరంటున్నారు. 2019లో రైల్వే 1,03,769 లెవెల్-1 పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి. రాతపరీక్ష 2022లోగాని జరగలేదు. పదవ తరగతి అర్హతగల ఆ పోస్టులకు పట్టభద్రులు, ఇంజనీరింగు చదివినవారు కూడ వరుస కట్టిన విషయం మనమెరుగుదుము. అక్కడ కొరవడినది చదువా, ఉద్యోగాలా? విజ్ఞాన విద్యను మనం కోరుతున్నాము. కాని ఉద్యోగ కల్పన బాధ్యతనుండి ఎవరైనా తప్పించుకొనుటకు ఆ విద్య పేరు చెప్పడాన్ని అంగీకరింపము.

ఇంతవరకు ఇతరులను గురించి చెప్పాము. మనలను గురించి కూడ రెండు మాటలు చెప్పుకొనక తప్పదు. మనలో ఎందరమో పొదుపు చేసిన సొమ్ము, భవిష్యనిధి నుండి తీసిన అప్పు పోసి పిల్లలను ప్రవేశపరీక్షల శిక్షణాలయాలలో చేర్పించాము. తెల్లవారుజాము నుండి రాత్రి వరకు ప్రశ్నలకు గుర్తులు పెట్టుటయే చదువని వారిని నమ్మించాము. ఇంటికి వచ్చిన బిడ్డను, "ర్యాంకు ఎంత?" అని అడిగామే గాని, "ఈ రోజు మాస్టారును ఏమి అడిగావు?" అని అడిగినవారము ఎందరము? ఆడపిల్లకు లెక్కలెందుకని, సులభమైన గ్రూపు చాలునని చెప్పిన ఇళ్లు కూడ మన కాలనీలలో ఉన్నాయి. పక్కనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రయోగశాలకు తాళం ఎన్నాళ్లనుండి పడి ఉన్నదో మనం విచారించలేదు. అది మన బిడ్డ చదివే బడి కాదనుకొన్నాము. అందులో చదివేది మన పోర్టరు బిడ్డ, మన డాక్ సేవక్ బిడ్డ.

కనుక ప్రతి శాఖ ముందు కొన్ని పనులు ఉంచుతున్నాము. మొదటిది, శాఖ పరిధిలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లి, విజ్ఞాన, గణిత ఉపాధ్యాయులెందరు ఉండాలో, ఎందరున్నారో, గత ఏడాదిలో పిల్లలు తమ చేతులతో ఎన్ని ప్రయోగాలు చేశారో వివరాలు సేకరింపవలెను. ఉపాధ్యాయులను నిలదీయుటకు కాక, వారి సంఘాలతో చేయి కలుపుటకే ఈ పని. రెండవది, ఆ వివరాలతో జిల్లా విద్యాధికారులకు వినతిపత్రం సమర్పించి, జవాబు వచ్చువరకు వెంటపడవలెను. ఈ విద్య మనకు బాగా తెలిసినదే. మూడవది, భద్రతా నియమాలకు లోబడి వర్క్‌షాపులను, సిగ్నలు గదులను, సార్టింగు కార్యాలయాలను ఏడాదికొకసారి పాఠశాల పిల్లలకు చూపించుటకు అనుమతి కోరవలెను. పుస్తక సంచి లేని పది రోజులలో వడ్రంగి, కుమ్మరి వద్దకు పోయే పిల్లలు మన ట్రాక్‌మన్ వద్దకు, మన సార్టరు వద్దకు ఎందుకు రాకూడదు? నాలుగవది, మన పనిలోని శాస్త్రాన్ని సులభమైన తెలుగులో చెప్పే చిన్న వ్యాసాలు ఈ పత్రికకు రాయవలెను. మాటలు దొరకనిచోట మన వాడుకమాటే రాయండి. పట్టా సాగుతుందన్న మాట వ్యాకోచం కంటె తక్కువదేమీ కాదు. రెండూ పక్కపక్కన అచ్చయిననాడు బిడ్డకు రెండూ వస్తాయి.

సోదర సోదరీమణులారా, విజ్ఞాన విద్యకు నేడున్న కొత్తపేరు రేపు మారవచ్చును. విధాన పత్రాలు వస్తుంటాయి, పోతుంటాయి. వాటి విలువ తేల్చుటకు మన వద్ద ఒక కొలబద్ద ఉన్నది. ఆ ట్రాక్‌మన్ కుమార్తె తన ఇంటి ముందరి పట్టాల సందును చూసి కారణం చెప్పగలిగిందా? ఆమె తండ్రి ఆమె పుస్తకం తెరిచి, ఇది నా పనేనని గుర్తుపట్టగలిగాడా? ఆ రెండూ జరిగిననాడు విధానం బడికి చేరినదని ఒప్పుకొందాము. అంతవరకు అడుగుతూనే ఉందాము.